పన్నెండో నంబరు మాగ్నెట్రాన్‌లో రంధ్రాలు ఎన్ని?

అందరికీ నమస్కారం. ముందుగా ఒక ఎక్స్‌రే సంగతి చెప్తాను. మనిషిది కాదు, అరచేతిలో పట్టే ఒక రాగి ముక్కది.

1940 ఆగస్టు చివర్లో ఎడ్వర్డ్ బోవెన్ అనే వేల్స్ యువకుడు లండన్‌లో ఒక హోటల్లో దిగాడు. అతని చేతిలో ఒక నల్లటి ఇనప పెట్టె ఉంది. హోటల్ లాకర్‌లో పట్టకపోతే ఆ రాత్రి మంచం కింద పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారి టాక్సీ డ్రైవరు దాన్ని కారులోపల పెట్టనివ్వలేదు, పైన కట్టాడు. యూస్టన్ స్టేషన్లో కూలీ పెట్టెను భుజాన వేసుకుని జనంలో పడి పరుగు తీశాడు. వెనక బోవెన్ పరుగు. ఆ పెట్టెలో ఉన్నది బ్రిటన్ దగ్గరున్న అతి పెద్ద సాంకేతిక రహస్యం. క్యావిటీ మాగ్నెట్రాన్, అంటే రాడార్ కోసం పొట్టి రేడియో తరంగాలను గట్టి పవర్‌తో పుట్టించే పరికరం, పన్నెండో నంబరుది. దాంతోపాటు దాని డ్రాయింగులు, ఇంకా చాలా రహస్య కాగితాలు. లివర్‌పూల్ నుంచి ఓడలో అట్లాంటిక్ దాటి సెప్టెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ చేరాయి. బ్రిటన్ ప్రభుత్వానికి సలహాలిచ్చే శాస్త్రవేత్త హెన్రీ టిజార్డ్ నాయకత్వంలో అమెరికా వెళ్లిన బృందం అది.

అక్టోబరు మొదటి వారంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాల వాళ్లు దాన్ని ఆన్ చేసి చూశారు. పది సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం మీద సుమారు పది కిలోవాట్ల పవర్ వచ్చింది. అప్పటిదాకా ఆ తరంగం మీద అంత పవర్ వాళ్లు కలలో కూడా చూడలేదు. ఇక ఇలాంటివి తయారు చేయాలి. పగలగొట్టి చూడకుండా ఎక్స్‌రే తీశారు. బోవెన్ ఇచ్చిన డ్రాయింగులో ఆరు రంధ్రాలు, ఎక్స్‌రేలో ఎనిమిది!

ఏది నిజం? బోవెన్‌కి కబురు వెళ్లింది. ఆయన గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించండి. దేశం నమ్మి ఇచ్చిన రహస్యానికి కాగితం ఒకటి చెబుతోంది, వస్తువు ఇంకొకటి చెబుతోంది. సముద్రం అవతలికి ఫోన్ చేస్తే, దాన్ని తయారు చేసిన ఎరిక్ మెగా గుర్తు చేసుకుని విషయం విడదీశాడు. మొత్తం పన్నెండు నమూనాలు చేశారు. మొదటి పదింటిలో ఆరు రంధ్రాలు. పదకొండోదాంట్లో ఏడు, పన్నెండోదాంట్లో ఎనిమిది పెట్టి ప్రయత్నించారు. డ్రాయింగు పాతదే మిగిలిపోయింది. అమెరికన్లు కాగితాన్ని పక్కన పెట్టి ఎనిమిది రంధ్రాలదాన్నే నకలు తీశారు.

విమాన రాడార్ చరిత్రను ఎలా వెతకాలి అని నన్నెవరైనా అడిగితే ఈ కథే చెప్తాను. ఇందులో కాగితం ఉంది, వస్తువు ఉంది, మనిషి జ్ఞాపకం ఉంది. మూడూ ఒక మాట మీద లేవు. అవి ఎక్కడ తగువు పడ్డాయో అక్కడే అసలు విషయం బయటపడింది. ఇవాళ మీతో పంచుకోవాలనుకున్నది ఇదే.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పాను. రాడార్ సమీకరణం బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఒకరోజు ఒక పిల్లవాడు లేచి, "సార్, దీన్ని మొదట విమానంలో పెట్టిందెవరు?" అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. పాఠ్యపుస్తకంలో రాడార్‌కి ఆద్యుడని వాట్సన్ వాట్ పేరు ఉంటుంది, అక్కడితో సరి. ఆ సాయంత్రం మొదలుపెట్టిన వెతుకులాట ఇంకా పూర్తవలేదు.

అసలు విమానంలో పెట్టడం ఎందుకంత కష్టమో మన దగ్గరి ఉదాహరణతోనే చెప్తాను. మీలో తిరుపతి వైపు వాళ్లు గాదంకి వెళ్లి ఉంటారు. అక్కడ పై వాతావరణాన్ని పరిశీలించే ఎమ్మెస్టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం ఐదున్నర మీటర్ల పైమాట. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు మైదానంలో 1024 యాంటెన్నాలు పరిచారు. తరంగం పొడవైతే యాంటెన్నా పెద్దది కావాలి, ఆ లెక్కను తప్పించుకునే దారి లేదు. 1930ల చివర ఇంగ్లండ్ తీరం వెంబడి కట్టిన చెయిన్ హోమ్ రాడార్ల తరంగం దీనికి రెట్టింపు పొడవు. ట్రాన్స్‌మిటర్ టవర్ల ఎత్తు 360 అడుగులు. ఇప్పుడు దీన్నంతా విమానంలో ఎక్కించాలి!

ఎందుకు ఎక్కించాలి అంటే, అక్కడ టిజార్డ్ ముందుచూపు ఉంది. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర ఆర్నాల్డ్ విల్కిన్స్, వాట్సన్ వాట్ కలిసి బీబీసీ రేడియో తరంగాలను హేఫోర్డ్ బాంబర్ మీద పడేసి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకున్నారు. పనులు మొదట ఆర్ఫర్డ్‌నెస్‌లో, తర్వాత సఫోక్ తీరంలోని బాడ్సీ మేనర్ అనే పెద్ద బంగళాలో సాగాయి. అంతా పగటి దాడుల గురించి ఆలోచిస్తుంటే టిజార్డ్ ఒక అడుగు ముందుకేశాడు. పగటిపూట మనం గెలిస్తే శత్రువు ఏం చేస్తాడు? రాత్రిపూట వస్తాడు. నేల మీది రాడార్ మన విమానాన్ని శత్రువుకి కొన్ని మైళ్ల దాకా తీసుకెళ్లగలదు. చీకట్లో పైలట్ కంటికి ఆనేది మహా అయితే 300 మీటర్లు. మధ్యలో ఉన్న ఆ నాలుగైదు మైళ్లూ ఎవరు దాటిస్తారు? విమానంలోనే ఒక చిన్న రాడార్ ఉండాలి.

ఆ పని మీద వేసుకున్నవాడు బోవెన్. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. లండన్ కింగ్స్ కాలేజీలో ఆపిల్టన్ దగ్గర డాక్టరేట్ చేసినవాడు. వైమానిక దళం వాళ్లతో మాట్లాడి తనకు తానే కొన్ని హద్దులు పెట్టుకున్నాడు. బరువు 200 పౌన్లు దాటకూడదు, అంటే దాదాపు 90 కిలోలు. ఎనిమిది ఘనపుటడుగుల చోటులో పట్టాలి. కరెంటు 500 వాట్లకు మించకూడదు. ఏరియల్ అడుగు పొడవుండాలి, అంటే తరంగం ఒక మీటరు దగ్గర్లో ఉండాలి. ఈ నాలుగు గీతలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మంచి ఇంజినీరు ముందు హద్దు గీసుకుంటాడు, తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు.

మీటరు తరంగం మీద పవర్ ఇచ్చే వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి, అప్పుడు దొరకలేదు. అందుకని బోవెన్ ముందు సగం పని చేసి చూశాడు. ట్రాన్స్‌మిటర్ నేల మీద, రిసీవర్ విమానంలో. ఈఎమ్ఐ కంపెనీ టీవీ కోసం చేసిన ఒక మంచి రిసీవర్‌ని సంపాదించి, హేఫోర్డ్ చక్రాల మధ్య ఏరియల్ తీగ కట్టి, కారు ఇగ్నిషన్ కాయిల్‌తో పిక్చర్ ట్యూబుకి హై వోల్టేజీ ఇచ్చి ఎగిరారు. ఎనిమిది పది మైళ్ల దూరంలోని విమానాలు కనబడ్డాయి. 1936లో! టీవీ అంటే ఏమిటో లోకానికి ఇంకా సరిగా తెలియని రోజుల్లో.

తర్వాత అమెరికా నుంచి తలుపు గుబ్బలంత చిన్న వాల్వులు వచ్చాయి. వాటితో పూర్తి రాడార్ కట్టి, కే6260 నంబరున్న ఏవ్రో ఆన్సన్ విమానంలో పెట్టారు. 1937 ఆగస్టు 17న అది మొదటిసారి ఎగిరింది. సముద్రం మీది ఓడలు తెర మీద కనబడ్డాయి. మూడు వారాలు కూడా కాకుండానే పెద్ద పరీక్ష వచ్చిపడింది. సెప్టెంబరు మొదట్లో నౌకాదళం విన్యాసాలు. కరేజియస్ అనే విమానవాహక నౌక, సౌతాంప్టన్ క్రూయిజర్, డిస్ట్రాయర్లు ఉత్తర సముద్రంలో ఎక్కడో తిరుగుతుంటే తీరరక్షక విమానాలు వాటిని వెతికి పట్టుకోవాలి. 4వ తేదీ మబ్బులు కమ్మేశాయి. మిగతా విమానాలను వెనక్కి పిలిచేశారు. బోవెన్, కీత్ వుడ్ ఉన్న ఆన్సన్ మాత్రం మబ్బుల్లోనే పోయి నౌకలను పట్టుకుంది. కరేజియస్ పై నుంచి విమానాలు లేస్తుంటే వాటి ప్రతిధ్వనులూ తెర మీద కనబడ్డాయి. విమానంలో కూర్చుని రాడార్‌తో ఇంకో విమానాన్ని చూడటం అక్కడ మొదలైంది.

ఇప్పుడు వెతుకులాట దగ్గరికి వస్తాను. లండన్ శివార్లలో క్యూ అనే చోట బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్ ఉంది. దాని కేటలాగ్ మన ఇంట్లో కూర్చునే నెట్‌లో చూడొచ్చు. నేను మొదటిసారి ఏం చేశానంటే, "రాడార్" అని కొట్టి, 1936 నుంచి 1940 అని తేదీలు ఇచ్చాను. నాకు కావలసినవి దాదాపు ఏవీ రాలేదు. ఎందుకు రావు అని చాలా రోజులు తల పట్టుకున్నాను. కారణం తెలిశాక అనిపించింది, ఇది ఎవరైనా మొదటే చెప్పి ఉంటే ఎంత బాగుండేదని. అందుకే మీకు మొదటే చెప్తున్నాను. రాడార్ అనే మాట అప్పటికి లేదు. అది 1940లో అమెరికా నౌకాదళం పెట్టిన పేరు. బ్రిటన్ దాన్ని తీసుకున్నది 1943లో. అంతకు ముందు వాళ్లు ఆర్డీఎఫ్ అనేవారు. విమానాన్ని విమానం పట్టుకునే యంత్రం ఏఐ. ఈ ఏఐకీ ఇప్పటి కృత్రిమ మేధకీ ఏ సంబంధం లేదు, ఎయిర్ ఇంటర్‌సెప్షన్‌కి పొడి అక్షరాలు. ఓడలను వెతికేది ఏఎస్వీ. నేల మీది కంట్రోలర్ రేడియోలో పైలట్‌తో "వెపన్ ఫ్లాష్ చెయ్" అంటే తుపాకి పేల్చమని కాదు, రాడార్ ఆన్ చెయ్యమని. ఇది తెలియకుండా రేడియో సంభాషణలు చదివితే యుద్ధమే తప్పుగా అర్థమవుతుంది.

కొలతల చిక్కు ఇంకొకటి. బ్రిటిష్ కాగితాల్లో తరంగం మీటర్లలో ఉంటుంది, అమెరికా కాగితాల్లో మెగాసైకిళ్లలో. ఒకటిన్నర మీటరు అన్నా, 200 మెగాసైకిళ్లు అన్నా ఒకటే. ఒకే యంత్రానికి రెండు పేర్లు కూడా ఉంటాయి. అమెరికన్ల ఎస్సీఆర్ 720ని బ్రిటన్ వాడుకున్నప్పుడు దాని పేరు ఏఐ మార్క్ 10 అయింది. రెండూ వేర్వేరు యంత్రాలనుకుని పోల్చిన వ్యాసాలు చదివాను. రాసినవాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, ఈ దారిలో గోతులు ఎక్కడున్నాయో చూపించడానికి చెప్తున్నాను.

తేదీల గోతిలో నేనే పడ్డాను. విమాన రాడార్ సాయంతో శత్రు విమానాన్ని కూల్చిన మొదటి ఘటన 1940 జులైలో జరిగింది. బ్లెన్‌హైమ్ విమానం, పైలట్ గ్లిన్ ఆష్‌ఫీల్డ్, అబ్జర్వర్ మోరిస్, రాడార్ ముందు కూర్చున్నది సార్జెంట్ లేలండ్. ససెక్స్ తీరం దగ్గర ఒక డోర్నియర్ బాంబర్‌ని కూల్చారు. నా దగ్గర ఒక కాగితంలో జులై 22 అని ఉంది, ఇంకో దాంట్లో 23 అని ఉంది. ఇవి రెండు వేర్వేరు ఘటనలనుకుని నోట్సులో రెండు పేజీలు రాసుకున్నాను. తర్వాత అర్థమైంది, అది రాత్రి జరిగిన పోరాటం. రాత్రికి రెండు తేదీలుంటాయి. ఎగిరినది ఒక తేదీ, దిగినది ఇంకో తేదీ. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు 22/23 అని రాస్తారు. మన పంచాంగం చూసుకునేవాళ్లకు ఇది కొత్త కాదు కదా, తిథి అర్ధరాత్రికి మారదు. దానికి తోడు యుద్ధకాలంలో బ్రిటన్ గడియారాలు గంట ముందుకి, 1941 వేసవి నుంచి వేసవుల్లో రెండు గంటలు ముందుకి పెట్టుకుంది. ఒక లాగ్‌బుక్‌లో గ్రీనిచ్ టైము, ఇంకో దాంట్లో స్థానిక టైము ఉంటే రెండు విమానాలు ఎప్పటికీ కలుసుకోవు.

ఏమ్మా, చెయ్యెత్తావు? ... వెనకవాళ్లకి వినబడలేదేమో, ఈ అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. "1937లో పనిచేసిన యంత్రానికి మొదటి విజయం కోసం 1940 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది సార్?" అని.

సరిగ్గా అక్కడే ఒక పెద్ద తగువుంది తల్లీ. రాడార్ పంపే పల్స్ ఒక మైక్రోసెకను పొడవుందనుకో. ఆ ఒక్క మైక్రోసెకనులో తరంగం 300 మీటర్లు పోతుంది. ట్రాన్స్‌మిటర్ అరుస్తున్నంతసేపూ రిసీవర్ చెవులు మూసుకునే ఉంటుంది. అందుకని 150 మీటర్లకన్నా దగ్గర ఉన్నది లెక్కప్రకారమే కనబడదు. నిజానికి సర్క్యూట్ల ఆలస్యం కలిసి ఇంకా దూరం నుంచే కనబడటం మానేస్తుంది. ఇటు పైలట్ కంటికి 300 మీటర్లలోపే కనబడుతుంది. రాడార్ చెయ్యి వదిలేసిన చోటికి, కన్ను అందుకునే చోటికి మధ్య సందు ఉంటే శత్రువు ఆ సందులోంచి జారిపోతాడు. ఇటు దూరం విషయంలోనూ ఒక హద్దుంది. 15 వేల అడుగుల ఎత్తులో ఎగిరితే నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కూడా 15 వేల అడుగుల దగ్గర తెరనంతా కప్పేస్తుంది. అంతకన్నా దూరంలో ఉన్న విమానం అందులో మునిగిపోతుంది. అంటే ఆపరేటర్‌కి దొరికేది మూడు మైళ్లలోపు ఒక చిన్న కిటికీ.

ఆ దగ్గరి హద్దును తగ్గించడం ఎలా అనే విషయంలో బోవెన్ బృందానికీ పై అధికారులకూ గట్టి పేచీ నడిచింది. యుద్ధం మొదలవగానే బాడ్సీ ఖాళీ చేసి స్కాట్లండ్ పోవాల్సి వచ్చింది. బోవెన్ మనుషులు పెర్త్ దగ్గర చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో ఇరుక్కున్నారు. అక్కడి నుంచి వేల్స్‌లోని సెయింట్ ఆథన్. తలుపులు తెరిచిన హ్యాంగర్లలో, గడ్డకట్టే చలిలో, చేతులు కొంకర్లు పోతుంటే విమానాల్లో రాడార్లు బిగించారు. చివరికి 1940లో ఈఎమ్ఐ ఇంజినీర్లు, ముఖ్యంగా ఆలన్ బ్లమ్లైన్, పల్స్‌ని మలిచే కొత్త సర్క్యూట్, మాడ్యులేటర్, తయారు చేసి పల్స్ చివరను కత్తిరించినట్టు తెంచారు. అదే ఏఐ మార్క్ 4. దగ్గరి హద్దు 400, 500 అడుగులకు దిగింది. దాన్ని బ్యూఫైటర్ అనే బలమైన కొత్త విమానంలో పెట్టాక కథ మారింది.

ఈ పేచీ గురించి బోవెన్ 1987లో తన జ్ఞాపకాలు రాశాడు. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ బాధ చల్లారలేదని చదివితే తెలుస్తుంది. ఆఫీసు ఫైళ్లు చదివితే అదే కాలం వేరే స్వరంలో వినిపిస్తుంది. అక్కడ అన్నీ మర్యాదగా రాసిన మెమోలు, సమావేశాల మినిట్స్. ఎవరి మాట నమ్మాలి? నా అనుభవంలో తేదీ కోసం ఫైలుని నమ్మాలి, వేడి కోసం మనిషిని నమ్మాలి. మనిషి యాభై ఏళ్ల తర్వాత నెల పొరబడతాడు, కానీ చలికి వేళ్లు ఎలా బిగుసుకుపోయాయో మర్చిపోడు. మెమోలో ఆ వేళ్లు ఉండవు.

క్యారెట్ కథ మీలో చాలామంది విని ఉంటారు. 1940 నవంబరు 19/20 రాత్రి జాన్ కన్నింగ్‌హామ్ అనే పైలట్ బ్యూఫైటర్‌లో వెళ్లి ఒక జంకర్స్ 88ని కూల్చాడు. తర్వాత ఇంకా చాలా కూల్చాడు. చీకట్లో అంత బాగా ఎలా కనబడుతోందని పత్రికలు అడిగితే, క్యారెట్లు తింటాడని చెప్పారు. పిల్లి కళ్లవాడని పేరు పెట్టారు. దీనివల్ల జర్మన్లు మోసపోయారని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఒక్కసారి ఆలోచించండి. జర్మన్ల దగ్గర అప్పటికే ఫ్రేయా, వుర్జ్‌బర్గ్ అనే మంచి రాడార్లున్నాయి. 1941 ఆగస్టుకల్లా లిష్టెన్‌స్టైన్ అనే విమాన రాడార్‌తో వాళ్ల పైలట్ బెకర్ ఒక బ్రిటిష్ బాంబర్‌ని కూల్చాడు కూడా. రాడార్ తెలిసినవాడికి క్యారెట్ చెబితే నమ్ముతాడా? ఆ కథ ఎక్కువగా పనిచేసింది సొంత జనం మీదే. రేషన్ రోజులు, క్యారెట్లు దండిగా దొరుకుతున్నాయి, ఆహార శాఖ వాటిని తినమని ఊరూరా ప్రచారం చేస్తోంది.

నాకు ఇందులో బాధ కలిగించేది వేరు. ఆ నవంబరు రాత్రి కన్నింగ్‌హామ్ వెనక, చీకటి గూట్లో, రెండు చిన్న తెరల ముందు కూర్చున్న మనిషి పేరు జాన్ ఫిలిప్సన్. ఒక తెర శత్రువు కుడివైపున్నాడా ఎడమవైపున్నాడా అని చెబుతుంది, ఇంకోటి పైనా కిందా అని. గీత మీద ఒక చిన్న బొడిపె. అది ఏ పక్క కాస్త ఎక్కువ పొడుచుకొచ్చిందో చూసి, "కుడికి, కొంచెం కుడికి, పైకి" అని చెబుతూ పైలట్‌ని నడిపించాలి. కూల్చిన పేరు మాత్రం పైలట్‌ది. తర్వాత కన్నింగ్‌హామ్‌తో ఎగిరిన జిమ్మీ రాన్స్‌లీ పేరు కొంత తెలుసు జనానికి. ఫిలిప్సన్, లేలండ్ పేర్లు అడగండి, ఎవరూ చెప్పరు. పైలట్ కళ్లను పొగిడే కథలో ఆపరేటర్‌కి చోటుండదు. రహస్యం కాపాడటానికి అల్లిన కథ, రహస్యం పోయాక కూడా మనుషులను దాచేస్తూనే ఉంది. వాళ్ల పేర్లు స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డుల్లో ఉంటాయి. క్యూ ఆర్కైవ్స్‌లో ఏఐఆర్ 27 అనే వరుస అవే. పోరాట నివేదికలు ఏఐఆర్ 50లో, రాడార్ పరిశోధన ఫైళ్లు ఏవీఐఏ 7లో. ఈ మూడు నంబర్లు రాసుకోండి, మీ ఆరు నెలలు మిగులుతాయి. బోవెన్ సొంత కాగితాలు కేంబ్రిడ్జ్‌లోని చర్చిల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇక వస్తువుల సాక్ష్యం. 1943 మే 9న ఒక జంకర్స్ 88 రాత్రి యుద్ధవిమానం జర్మన్ సిబ్బందితో సహా స్కాట్లండ్‌లోని డైస్‌లో దిగిపోయింది. ముక్కు మీద దుప్పి కొమ్ముల్లాంటి లిష్టెన్‌స్టైన్ ఏరియళ్లు. దాన్ని ఎగరేసి, కొలిచి, ఆ రాడార్ ఎంత దూరం చూస్తుంది, ఏ కోణంలో చూడలేదు అన్నీ రాసుకున్నారు. ఆ విమానం ఇప్పటికీ బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియంలో ఉంది. ఇది ఒక వైపే కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో రోటర్‌డామ్ దగ్గర కూలిన ఒక స్టిర్లింగ్ బాంబర్‌లో జర్మన్లకు మాగ్నెట్రాన్ దొరికింది. బోవెన్ మంచం కింద దాచుకున్న రహస్యం రెండున్నరేళ్లు నిలిచింది.

ఆ స్టిర్లింగ్‌లో ఉన్నది హెచ్2ఎస్, నేలను బొమ్మలా చూపించే రాడార్. దాని వెనక ఒక పెద్ద విషాదం ఉంది. 1942 జూన్ 7న దాన్ని పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం హెర్‌ఫర్డ్‌షైర్‌లో కూలి పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో ఇందాక చెప్పిన బ్లమ్లైన్ ఒకడు. వయసు ముప్పై ఎనిమిది. మీరు సినిమా హాల్లో వినే స్టీరియో సౌండ్‌కి 1931లోనే పేటెంట్ తీసుకున్న మనిషి. ఇంజిన్‌లో ఒక నట్టు వదులై, వాల్వ్ విరిగి, మంటలు లేచాయి. అంత మేధావి పోయిన సంగతి బయటకు పొక్కనివ్వలేదు. అప్పుడు ఆ వార్త శత్రువుకి చాలా చెప్పేస్తుంది మరి. కానీ ఆ మౌనం ఎంతకాలం నిలిచిందంటే, ఈఎమ్ఐ రికార్డులు కొనుక్కుని పాటలు విన్న తరాలకు ఆయన పేరే తెలియలేదు. పత్రికలో వార్త లేకపోతే ఘటన చిన్నదనుకుంటాం. ఈ చరిత్రలో ఖాళీగా ఉన్న చోటే ఒక్కోసారి అన్నిటికన్నా బరువైన చోటు.

మన దేశం సంగతేమిటని మీకు ఉంటుంది. 1942 డిసెంబరులో జపాన్ వాళ్లు కలకత్తా మీద రాత్రుళ్లు బాంబులు వేయడంతో జనం లక్షల్లో ఊరు వదిలారు. 1943 జనవరిలో రాడార్ ఉన్న బ్యూఫైటర్లు డమ్‌డమ్ చేరాయి, 176వ స్క్వాడ్రన్. జనవరి 15 రాత్రి సార్జెంట్ ప్రింగ్ ఒకేసారి మూడు బాంబర్లను కూల్చాడు. ఖరగ్‌పూర్‌లో, కలకత్తాలో రైల్వే ఉద్యోగాలు చేసిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ ఇళ్లలో తాతల డైరీలు, ఉత్తరాలు ఉంటే పారేయకండి. ఆ రాత్రి సైరన్ ఎన్నింటికి మోగింది అని రాసిన ఒక్క వాక్యం స్క్వాడ్రన్ రికార్డుకి జోడీ అవుతుంది. నాకు ఫోటో తీసి పంపినా చాలు.

యుద్ధం ముగియకముందే, 1944లో బోవెన్ ఆస్ట్రేలియా వెళ్లాడు. 1946 నుంచి పాతికేళ్లు సిడ్నీలోని రేడియోఫిజిక్స్ విభాగానికి అధిపతి. రాడార్ కోసం నేర్చిన విద్యనంతా అక్కడ ఆకాశం వైపు తిప్పారు. 1953లో అక్కడికి మన గోవింద్ స్వరూప్ శిక్షణకు వెళ్లాడు. ఇక పని అయిపోయిందనుకున్న ఆరడుగుల డిష్‌లు ముప్పై రెండు మన దేశానికి ఉచితంగా ఇచ్చారు. వాటినే 1965లో ముంబై దగ్గర కల్యాణ్‌లో నిలబెట్టారు. తర్వాత 1970లో ఊటీ దగ్గర ముత్తోరైలో స్వరూప్ బృందం 530 మీటర్ల పొడవైన రేడియో టెలిస్కోప్ కట్టింది.

ఆ కొండల్లోనే ఇంకొక ముడి ఉంది. బోవెన్‌తో కలిసి ఆ చల్లటి హ్యాంగర్లలో ఏఐ రాడార్లు బిగించి, వాటితో ఎగిరి పరీక్షించిన కుర్రాళ్లలో రాబర్ట్ హ్యాన్‌బరీ బ్రౌన్ ఒకడు. తర్వాత నక్షత్రాల వ్యాసాన్ని కొలిచే కొత్త పద్ధతి కనిపెట్టి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఆయన పుట్టింది 1916లో, నీలగిరుల్లోని అరువంకాడులో. తండ్రి అక్కడి కార్డైట్ (తుపాకి మందు) ఫ్యాక్టరీలో అధికారి. మన వాళ్లు పిల్లలతో ఊటీ చిన్న రైలెక్కుతారు కదా, కూనూరు దాటాక ఆ ఊరి పేరుతోనే ఒక బుల్లి స్టేషన్ వస్తుంది. పోయినసారి వెళ్లినప్పుడు నేను కిటికీలోంచి ఆ బోర్డుని ఫోటో తీసుకున్నాను. అదే ఇప్పుడు తెర మీద చూస్తున్నది.

సరే, ఇక మీరు అడగండి.